ఆసో అగ్నిపర్వతానికి ఒక రోజు: ప్రైవేటు గైడా, టూర్ బస్సా, అద్దె కారా?

జపాన్ టూర్‌లో క్యూషూ దీవినీ, అందులో ఆసో అగ్నిపర్వతాన్నీ పెట్టుకున్నవాళ్లు ముందుగా అడిగేది ఖర్చు గురించే. ప్రైవేటు గైడ్‌కి అంత పెట్టాలా, బస్సులో వెళ్తే సరిపోదా అని. దానికంటే ముందు అడగాల్సింది ఒకటుంది. ఆ రోజు క్రేటర్ దాకా, అంటే అగ్నిపర్వతం నోటి దాకా, వెళ్లే దారి మూసేస్తే మన రోజు ఏమవుతుంది?

ఎవరి టూర్ చూసినా ఫొటోలు ఒకటే. పచ్చటి నీళ్లు, పైకి లేస్తున్న తెల్లటి ఆవిరి. దారి తెరిచి ఉన్న రోజున ఏ పద్ధతిలో వెళ్లినా సంతోషంగానే తిరిగొస్తారు. మూసిన రోజున మాత్రం ఒక్కో పద్ధతికీ చాలా తేడా వస్తుంది. ఆసోలో అలాంటి రోజులు అరుదేమీ కావు. అందుకే ఈ పోలికంతా ఆ కోణంలోనే రాస్తున్నాను.

ముందు ఆ చోటు సంగతి

ఆసో అంటే ఒక కొండ అనుకుని వెళ్తే తికమకపడతారు. కుమామోతో నగరానికి తూర్పున, సుమారు 2,70,000 ఏళ్ల కిందటి నుంచి 90,000 ఏళ్ల కిందటి దాకా నాలుగు మహా విస్ఫోటనాలు జరిగాయి. భూమి లోపలి శిలాద్రవం బయటికి వచ్చేసి, పైనున్న నేల కుంగిపోయింది. అలా ఏర్పడిన పల్లాన్నే కాల్డెరా అంటారు. ఉత్తర దక్షిణాలుగా 25 కిలోమీటర్లు, తూర్పు పడమరలుగా 18 కిలోమీటర్లు. చుట్టూ గోడ కట్టినట్టు కొండ అంచు. లోపల వరి పొలాలు, ఊళ్లు, రైలు పట్టాలు, దాదాపు 50,000 మంది జనం. నడిమధ్య అయిదు శిఖరాలు. వాటిలో ఎత్తయినది తకాదాకే, 1,592 మీటర్లు. పొగలు కక్కేది మాత్రం దాని పక్కనున్న నకాదాకే. అందరూ చూడాలనుకునే క్రేటర్ దానిదే.

జపాన్ వాతావరణ సంస్థ ఇలాంటి అగ్నిపర్వతాలకు 1 నుంచి 5 దాకా హెచ్చరిక స్థాయి ప్రకటిస్తుంది. ఆసోలో స్థాయి 1 ఉన్నప్పుడే క్రేటర్ అంచుకు పోనిస్తారు. 2కి పెరిగితే క్రేటర్ చుట్టూ దాదాపు ఒక కిలోమీటరు మేర ఎవరినీ రానివ్వరు. అది కొన్ని రోజులుండొచ్చు, నెలల తరబడి కూడా సాగొచ్చు. స్థాయి 1లో ఉన్నా గాలి తిరిగితే చాలు, సల్ఫర్ డయాక్సైడ్ అనే విషవాయువు జనం నిలబడే వైపుకు వచ్చేస్తుంది. అప్పుడు ఉన్నపళంగా అందరినీ కిందికి పంపేస్తారు. మళ్లీ అరగంటలో తెరవొచ్చు, సాయంత్రం దాకా తెరవకపోవచ్చు.

ఈ కట్టుబాట్లు ఊరికే పెట్టలేదు. 1979 విస్ఫోటనంలో ముగ్గురు టూరిస్టులు చనిపోయారు. 1997లో గ్యాస్ వల్ల ఇద్దరు పోయారు. 2021 అక్టోబరులో కూడా నకాదాకే పేలి బూడిద చిమ్మింది. క్రేటర్ దగ్గర కనిపించే మందపాటి కాంక్రీటు షెల్టర్లు, పైనుంచి రాళ్లు పడితే దూరి తలదాచుకోవడానికి కట్టినవి. ఆస్తమా, బ్రాంకైటిస్, గుండె జబ్బు ఉన్నవాళ్లను క్రేటర్ తెరిచి ఉన్న రోజున కూడా రావద్దంటారు. అమ్మానాన్నలతో, అత్తమామలతో వెళ్తున్నవాళ్లు ఈ మాట దగ్గర ఆగి ఆలోచించండి. ఇంట్లో ఒకరికి ఇన్‌హేలర్ ఉందంటే, వాళ్లకి ఆ రోజు క్రేటర్ లేనట్టే.

టూర్ బస్సు

ఫుకుఓకాలోని హకాతా స్టేషన్ పరిసరాల నుంచి పొద్దున్నే బయల్దేరి రాత్రికి దింపేసే బస్సులు చాలానే ఉన్నాయి. సీటు ధర సాధారణంగా 10,000 యెన్‌లకు అటూ ఇటూ ఉంటుంది. ఈమధ్య మారకం ప్రకారం 100 యెన్‌లంటే సుమారు 55 నుంచి 60 రూపాయలు. ఒంటరిగా గానీ ఇద్దరుగా గానీ వెళ్లేవాళ్లకు ఇంతకంటే చవకైన, టెన్షన్ లేని దారి లేదు. టికెట్లు వెతుక్కోనక్కర్లేదు, రైలు తప్పుతుందన్న భయం లేదు.

అయితే రోజు ఎలా గడుస్తుందో లెక్క చూడండి. ఫుకుఓకా నుంచి ఆసోకి రోడ్డు మీద వెళ్లడానికి రెండు గంటలు, రావడానికి రెండు గంటలు, ట్రాఫిక్ ఉంటే ఇంకా ఎక్కువ. చాలా టూర్లు ఆసోతో పాటు కురోకావా వేడినీటి బుగ్గల ఊరినో, తకాచిహో లోయనో, కుమామోతో కోటనో కూడా కలిపేస్తాయి. ఎన్ని పేర్లుంటే అంత లాభం అనిపిస్తుంది గానీ ఒక్కో చోట దిగేది నలభై నిమిషాలకో గంటకో. బస్సు క్రేటర్ దగ్గరికి చేరిన ఆ గంటలో గాలి ఎదురు తిరిగితే అంతే. నలభై మంది టైమ్ టేబుల్ ఒకరి కోసం ఆగదు. "క్రేటర్ మూసి ఉంటే కుసాసెన్రి గడ్డి మైదానం చూపిస్తాం, డబ్బు వాపసు ఉండదు" అన్న వాక్యం షరతుల్లో ఎక్కడో అడుగున ఉంటుంది. అది ముందే చదువుకుని, పర్వాలేదు అనుకున్నవాళ్లు బస్సు ఎక్కవచ్చు.

రైలు, ఊరి బస్సు

కుమామోతో నుంచి ఆసో స్టేషన్‌కి హోహి లైన్‌లో ఎక్స్‌ప్రెస్ అయితే గంటన్నర లోపే. 2016 ఏప్రిల్ భూకంపాల్లో దెబ్బతిన్న ఈ లైన్ 2020 ఆగస్టులో మళ్లీ తెరుచుకుంది. దారిలో తతెనో దగ్గర కొండ వాలు ఎంత నిటారుగా ఉంటుందంటే, రైలు ఆగి, వెనక్కి నడిచి, మళ్లీ ముందుకు తిరిగి కొండెక్కుతుంది. డ్రైవరు తన సామాన్లు తీసుకుని ఈ చివర నుంచి ఆ చివరికి నడిచి వెళ్లడం పిల్లలు కళ్లింత చేసుకుని చూస్తారు. ఆ ఒక్కదాని కోసమైనా ఒక వైపు ప్రయాణం రైల్లో చేయమంటాను.

చిక్కంతా ఆసో స్టేషన్‌లో దిగాకే మొదలవుతుంది. కొండ మీదికి వెళ్లే బస్సులు రోజుకు కొన్నే. ఒకటి తప్పితే తరువాతి దానికి గంటకు పైగా నిలబడాల్సి రావచ్చు, చివరి బస్సు చీకటి పడకముందే దిగిపోతుంది. పైన సన్జో టెర్మినల్ నుంచి క్రేటర్ దాకా షటిల్ బస్సు నడుస్తుంది. పాత గైడ్ పుస్తకాల్లో కనిపించే రోప్‌వే ఇప్పుడు లేదు. ఉత్తర అంచున ఉన్న దైకాంబో లాంటి చోట్లకు బస్సుల్లో అదే రోజు వెళ్లి రావడం చాలా కష్టం. చేతిలో రెండు రోజులుండి, ఆసోలోనే రాత్రి బస చేసే కుర్రాళ్లకి ఇది బాగుంటుంది. ఒకే రోజులో, అందులోనూ పెద్దవాళ్లతో, వద్దు.

అద్దె కారు

మన వాళ్లకి ఇక్కడ ఒక సౌకర్యం ఉంది. జపాన్‌లోనూ మనలాగే రోడ్డుకు ఎడమ వైపే నడపాలి, స్టీరింగ్ కుడి వైపే ఉంటుంది. మన ఆర్టీఏ ఆఫీసు ఇచ్చే ఇంటర్నేషనల్ డ్రైవింగ్ పర్మిట్ 1949 జెనీవా ఒప్పందం కిందిది. జపాన్ ఒప్పుకునేది దాన్నే. మన దేశంలో ఉండగానే తీసుకోవాలి, ఒక ఏడాది చెల్లుతుంది. అమెరికాలో, ఆస్ట్రేలియాలో ఉంటున్న తెలుగువాళ్లు అక్కడి లైసెన్సు మీద అక్కడే తీసుకోవచ్చు.

కుమామోతో విమానాశ్రయం నగరానికీ ఆసోకీ మధ్యలో ఉంది. అక్కడే కారు తీసుకుంటే గంటలోపే కాల్డెరా లోపలికి చేరిపోతారు. గేటు మూసి ఉంటే దైకాంబోకి తిప్పేసి, మధ్యాహ్నం మళ్లీ ప్రయత్నించవచ్చు. ఈ విషయంలో ప్రైవేటు టూర్‌కి సమానంగా నిలిచేది అద్దె కారు ఒక్కటే, ఖర్చు మాత్రం అందులో కొద్ది భాగమే.

మరి లోటేమిటంటే, నడిపేవాళ్లు లోయ చూడలేరు. కొండ అంచు మీద మంచు పొగ కమ్మితే ముందున్న కారు కూడా కనపడదు. డిసెంబరు నుంచి మార్చి దాకా రోడ్డు మీద మంచు గడ్డకట్టే రోజులుంటాయి, దానికి వేరే టైర్లు కావాలి. హైదరాబాద్ ట్రాఫిక్‌లో ఆరితేరినా ఐసు మీద నడపడం వేరు. చలికాలంలో అయితే కారు నేను సిఫారసు చేయను. ఏప్రిల్ నుంచి నవంబరు దాకా, నమ్మకంగా నడిపేవాళ్లు ఇద్దరు ఉంటే, హాయిగా తీసుకోండి.

ప్రైవేటు గైడ్ టూర్: ఆ డబ్బుకు ఏమొస్తుంది

ఇందులో ధర మనిషికి ఉండదు, వాహనానికీ గంటలకీ ఉంటుంది. బండి, గైడ్ కలిపి రోజుకు 50,000 యెన్‌ల నుంచి లక్ష పైదాకా కూడా ఉంటుంది. ఇద్దరికి అది భారమే. అయిదారుగురు కుటుంబానికి పంచితే తలకు బస్సు సీటు కంటే కొంచెమే ఎక్కువ పడొచ్చు. అందుకే ఎంత మంది వెళ్తున్నారన్నది చూడకుండా ఖరీదా, చవకా అని తేల్చడం కుదరదు.

డబ్బు ఎక్కువ పెట్టినందుకు దక్కేది మెత్తటి సీటే అయితే నేను వద్దనే చెప్పేదాన్ని. దక్కేది రోజును అప్పటికప్పుడు మార్చుకునే వీలు. మంచి గైడ్ పొద్దున్నే ఫోన్లో క్రేటర్ పరిస్థితి చూసి, గాలి ఎటు వీస్తోందో గమనించి, ముందు ఎటు తిప్పాలో నిర్ణయిస్తారు. మూసి ఉంటే కుసాసెన్రిలో గుర్రాల దగ్గర పిల్లల్ని ఆడించి, పక్కనే ఉన్న అగ్నిపర్వత మ్యూజియం చూపించి, గేటు తెరవగానే పైకి తీసుకెళ్తారు. ఆస్తమా ఉన్న అత్తగారు కింద కూర్చుని కాఫీ తాగుతుంటే మిగతావాళ్లు వెళ్లి రావచ్చు. బస్సులో ఇది జరిగే పని కాదు.

తెరిచి ఉన్న రోజున క్రేటర్ అంచు ఎలా ఉంటుందో చెప్తాను. బండి దిగగానే ముందు గొంతులో తెలుస్తుంది. అగ్గిపుల్ల గీసి ముక్కు దగ్గర పెట్టినట్టు ఘాటు. చెట్టు లేదు, గడ్డి లేదు, బూడిద రంగు రాయి, అక్కడక్కడా పసుపు పూసినట్టు గంధకం. గాలి పక్కకి తొలగిన క్షణంలో ఆవిరి తెర చీలి కింద మడుగు కనిపిస్తుంది. పాల మీగడ కలిపినట్టున్న పచ్చదనం, ఆ నీటిలో ఏ ప్రాణీ బతకదు. మళ్లీ ఆవిరి కమ్మేస్తుంది. లౌడ్‌స్పీకర్లో గ్యాస్ హెచ్చరిక పలు భాషల్లో వినిపిస్తూనే ఉంటుంది. ఆ పది నిమిషాల కోసం గంట సేపు ఎదురుచూసినా దండగ అనిపించదు. కానీ ఆ గంట మన చేతిలో ఉండాలి కదా.

మూసిన రోజున గైడ్ విలువ ఇంకా బాగా తెలుస్తుంది. 936 మీటర్ల ఎత్తున్న దైకాంబో అంచున నిలబడితే కాల్డెరా మొత్తం కళ్ల ముందుంటుంది. అవతలి అయిదు శిఖరాలు కలిసి వెల్లకిలా పడుకున్న బుద్ధుడిలా కనిపిస్తాయని ఇక్కడివాళ్లు అంటారు. గరుకు అంచుల నెకోదాకే ఆయన ముఖం. చెప్పేవాళ్లు లేకపోతే అవి మామూలు కొండలే. ఈ పల్లంలో ఒకప్పుడు నిజంగానే సరస్సు ఉండేది. తకెఇవతత్సు అనే దేవుడు పడమటి అంచును కాలితో తన్ని గండి కొట్టి, నీళ్లు బయటికి పంపి, జనానికి పొలాలు ఇచ్చాడని కథ. ఆ గండే మీ రైలు వెనక్కీ ముందుకీ నడిచిన తతెనో. ఆ దేవుడు కొలువున్నది ఆసో గుడిలో. 2016 భూకంపంలో కూలిపోయిన ఆ గుడి రెండంతస్తుల ద్వారాన్ని విప్పి, వీలైనంత పాత కలపతోనే మళ్లీ నిలబెట్టారు. 2023 డిసెంబరులో అది పూర్తయింది. ఈ మూడింటినీ ఒక దారంలో గుచ్చి చెప్పగలిగే మనిషి పక్కన ఉంటే, క్రేటర్ చూడని రోజు కూడా నిండుగా ఉంటుంది.

ఇంకొకటి భోజనం. ఆసో పేరున్నది ఎర్ర ఆవు మాంసానికి. మెనూలో పెద్ద అక్షరాల్లో ఉండేది అదే. శాకాహారమని కనిపించే పులుసుల్లో కూడా ఎండు చేప రసం ఉంటుంది. తకమోరి వైపు దెంగాకు అని ఒక వంట ఉంది. చేమదుంపనీ టోఫూనీ పుల్లలకి గుచ్చి, మిసో అనే పులియబెట్టిన సోయా ముద్ద పూసి, నేలలోని బొగ్గుల పొయ్యి చుట్టూ బూడిదలో గుచ్చి కాలుస్తారు. చేమదుంప మనకు కొత్తేమీ కాదు గానీ ఆ బొగ్గు వాసన, కాలిన మిసో తీపి కలిసిన రుచి మాత్రం కొత్త. పక్కనే చేప కూడా కాలుతుంటుంది, మిసోలో చేప రసం కలిపారా అని అడగాల్సి ఉంటుంది. గైడ్ ముందు రోజే ఫోన్ చేసి మాట్లాడిపెడితే అక్కడ ఇబ్బంది ఉండదు. శుద్ధ శాకాహారులైతే ఎందుకైనా మంచిది, పులిహోరో చపాతీలో వెంట ఉంచుకోండి.

వేడినీటి స్నానం సంగతీ అంతే. సాధారణ స్నానశాలల్లో ఆడవాళ్లు, మగవాళ్లు వేరువేరుగానే అయినా ఒంటి మీద బట్టలు లేకుండా దిగాలి. మన ఇళ్లలో చాలామంది అక్కడే వెనక్కి తగ్గుతారు. కుమామోతో ప్రాంతంలో గంట లెక్కన కుటుంబానికి విడిగా ఇచ్చే స్నానపు గదులు చాలా ఉన్నాయి. ముందే చెప్తే గైడ్ బుక్ చేస్తారు.

ప్రైవేటు అన్నంత మాత్రాన సరిపోదు

ఈ పేరు కింద అమ్మేవి నిజానికి వేరువేరు సరుకులు. ఒకటి, బండి, డ్రైవరు మాత్రమే. ఆయన చక్కగా తీసుకెళ్తారు గానీ ఇంగ్లిష్ రాకపోవచ్చు, ఏదీ వివరించరు. రెండు, గైడ్ మాత్రమే, ప్రయాణం రైల్లో, బస్సుల్లో. ఆసోలో దీనివల్ల పెద్ద ఉపయోగం లేదు. మూడు, డ్రైవరూ గైడూ ఇద్దరూ వస్తారు. ఖర్చు ఎక్కువ, ఆసోకి సరిగ్గా కుదిరేది ఇదే. నాలుగు, నడుపుతూనే చెప్పే డ్రైవర్ గైడ్. మంచివాళ్లు దొరికితే చిన్న కుటుంబానికి ఇదే మేలు.

ఈ నాలుగో రకంలో ఒకటి తప్పక చూడండి. జపాన్‌లో డబ్బు తీసుకుని మనుషుల్ని ఎక్కించుకునే బండికి ఆకుపచ్చ నంబర్ ప్లేటు ఉండాలి. తెల్ల ప్లేటు సొంత బండి. తెల్ల ప్లేటుతో టూరిస్టుల్ని తిప్పడం అక్కడ చట్టవిరుద్ధం. ప్రమాదం జరిగితే బీమా విషయంలో మీకే చిక్కు. గైడ్ పనికి మాత్రం 2018 జనవరి నుంచి లైసెన్సు తప్పనిసరి కాదు, కానీ ప్రభుత్వ పరీక్ష రాసి పాసైన గైడ్లు వేరుగా ఉన్నారు. కష్టమైన పరీక్ష అది. అది పాసైనవాళ్లు దొరికితే కొంచెం ఎక్కువ అడిగినా ఇవ్వొచ్చు.

అలాగే ఫుకుఓకా నుంచి ప్రైవేటు బండి మాట్లాడుకోవద్దని గట్టిగా చెప్తాను. పది గంటల రోజుకు డబ్బు కట్టి అందులో నాలుగు గంటలు హైవే మీద పోగొట్టుకోవడం ఎందుకు? హకాతా నుంచి కుమామోతోకి షింకన్‌సెన్ బుల్లెట్ రైల్లో గంట కూడా పట్టదు. అక్కడ బస చేసి, అక్కడి నుంచే బండి పెట్టుకోండి. అదే డబ్బుకు కాల్డెరాలో గడిపే సమయం చాలా పెరుగుతుంది. గంటలు దాటితే అదనంగా ఎంత, టోల్, పార్కింగ్, గైడ్ భోజనం ఎవరివి, హెచ్చరిక స్థాయి 2కి పెరిగితే ప్లాన్ ఎలా మారుతుంది, రద్దు చేసుకుంటే ఎంత వెనక్కి వస్తుంది: ఇవన్నీ మెసేజ్‌లో అడిగి జవాబు రాయించుకోండి. సూటిగా చెప్పకుండా "చూసుకుందాం లెండి" అనేవాళ్లకు అడ్వాన్స్ కట్టకండి.

ఆసోనే ఎందుకు

అన్ని అగ్నిపర్వతాలకూ ఇంత ఖర్చు అక్కర్లేదు. టోక్యో నుంచి వెళ్లే హకోనేలో కొండ రైలు, కేబుల్ కార్, రోప్‌వే, సరస్సులో ఓడ ఒకదానికొకటి అందుకుంటాయి, ఒకే పాస్‌తో చుట్టి రావచ్చు. అక్కడ గైడ్‌కి డబ్బు పెట్టడం దండగ. కగోషిమా ఎదురుగా ఉన్న సకురజిమాకి పావుగంటలో ఫెర్రీ చేరుస్తుంది, దీవిలో టూరిస్టు బస్సు తిరుగుతుంది, క్రేటర్ దగ్గరికి ఎలాగూ ఎవరినీ పోనివ్వరు. ఆసోలో చూడాల్సినవి ఒకదానికొకటి దూరం, బస్సులు తక్కువ, గాలి మాట వినదు. అందుకే నలుగురికి పైగా ఉన్నా, పెద్దవాళ్లు వెంట ఉన్నా ఇక్కడ ప్రైవేటు టూర్‌కే నా ఓటు. ఇద్దరు కుర్రాళ్లయితే అద్దె కారు. ఒంటరిగా వెళ్తే, ఆశలు సర్దుకుని బస్సు.

నెల కూడా చూసుకోండి. ఏప్రిల్ చివర, మే మొదట్లో వచ్చే సెలవుల వారం, ఆగస్టు నడుమ పితృదేవతల కోసం జరిపే ఒబోన్ పండుగ రోజులు రద్దీగా ఉంటాయి, బండ్లు దొరకవు. ఫిబ్రవరి, మార్చిలో ఇక్కడి రైతులు ఎండు గడ్డికి నిప్పు పెడతారు. వెయ్యేళ్లకు పైగా సాగుతున్న పద్ధతి అది. అలా కాల్చకపోతే పశువుల మేత నేల అడవి అయిపోతుంది. ఆ తరువాత వెళ్తే కొండలన్నీ నల్లగా మాడి ఉంటాయి, పచ్చటి ఫొటోలు చూసి వచ్చినవాళ్లు నిరాశపడతారు. మే నుంచి పచ్చదనం, శరత్కాలంలో వెండి రంగు రెల్లు. అక్టోబరు, నవంబరు తెల్లవారుజాముల్లో కాల్డెరా నిండా మబ్బు పరుచుకుంటుంది, దైకాంబో నుంచి చూస్తే శిఖరాలు మాత్రమే పైకి తేలుతుంటాయి. ఎండెక్కితే అది కరిగిపోతుంది. దాని కోసం వెళ్లేవాళ్లు ముందు రాత్రి కుమామోతోలో కాకుండా ఆసోలోనే బస చేసి, గైడ్‌ని తెల్లవారకముందే అక్కడికి రమ్మనాలి. ఆ వేళకి వస్తారా, దానికి అదనంగా ఏమైనా తీసుకుంటారా అన్నది బుకింగ్ నాడే తేల్చుకోండి.